ఏసేపు చీనీతోట సాక్ష్యం

ఏసేపు సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే బండ్లోపల్లె సంఘంలో తల్లులు పిల్లలను ఒకసారి బయటికి తీసుకెళ్లి తీసుకొచ్చేవారు. ఇంక నలభై నిమిషాలు కదలడానికి వీలుండదని వాళ్లకు తెలుసు. పాటలయ్యాక, వాక్యానికి ముందు, సాక్ష్యాలకని కాసేపు విడిచిపెట్టడం ఆ సంఘంలో ఆనవాయితీ. దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఒకరికి జ్వరం తగ్గి ఉంటుంది, ఒకరికి తప్పిపోయిన బర్రె దొరికి ఉంటుంది. అవన్నీ రెండు నిమిషాల సరుకు. ఏసేపుది మాత్రం చీనీతోట సాక్ష్యం. దానికి వేంపల్లె చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లలో పేరుంది. ఎక్కడ సువార్త కూటాలు పెట్టినా ఆటో పంపించి మరీ ఆయన్ను పిలిపించుకునేవారు.

సంగతి నిజానికి చిన్నదే. పన్నెండేళ్ల కిందట ఏసేపు తోటలో కాపుకొచ్చిన చీనీ చెట్లను, అంటే బత్తాయి చెట్లను, ఒక మనిషి రాత్రికి రాత్రి గొడ్డలితో నరికేశాడు. ఏసేపు అతన్ని క్షమించాడు. అంతే. కానీ ఏసేపు నోట్లో పడ్డాక ఏ సంగతీ చిన్నదిగా ఉండదు.

నరికినవి నలభై రెండు చెట్లు. మొదటి ఏడాది సాక్ష్యంలోనూ నలభై రెండే. రెండో ఏడాదికి ‘ఒక యాభై దాకా’ అయ్యాయి. మైకు మొదటిసారి చేతికొచ్చిన రోజున ఎనభై. నిరుటి కూటాలనాటికి నూట ఇరవై. తోట చూడబోతే అరెకరం. అందులో నూట ఇరవై చీనీ చెట్లు నాటితే మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే. అయినా ఎవరూ అడ్డం మాట్లాడలేదు. నరికేసిన తోటలో చెట్లు పెరగడం కూడా దేవుని మేలేనని సరిపెట్టుకున్నారేమో.

ఏసేపు పోలీసు స్టేషనుకు పోయి, నాకు కేసు వద్దు అని చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. అప్పుడు ఎస్సై, “సరే, ఈడ సంతకం పెట్టి పో” అన్నాడు. సాక్ష్యంలో ఆ ఎస్సై టోపీ తీసి బల్ల మీద పెట్టి వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఈ మధ్య ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా ఏడవడం మొదలుపెట్టారు.

ఇంకో విశేషం ఏమంటే, నరికినవాని పేరు ఏసేపు ఎన్నడూ చెప్పేవాడు కాదు. అది ఆయన గొప్ప. “పేరు చెప్పను. పేరు చెప్తే ఇంగ క్షమించినట్టు యాడుంటాది?” అని మైకులో ఒక్క క్షణం ఆగేవాడు. జనం స్తోత్రం అనేవారు. ఆ తర్వాత, “ఊర్లో నీళ్ల ట్యాంకు పక్కన ఇల్లు. గొర్లు మేపుతాడు. ఎడమ చెవి రోంత తెగి ఉంటాది” అని నిదానంగా గుర్తులు చెప్పుకుంటూ పోయేవాడు. బండ్లోపల్లెలో ఎడమ చెవి తెగిన గొర్రెల కాపరి ఓబుళేశు ఒక్కడే.

ఇదంతా విని ఏసేపు ఉత్త మాటల మనిషి అనుకుంటే పొరపాటు. ఒళ్లు వంచి బతికినవాడు. పదిహేనో ఏటి నుంచి నలభయ్యో ఏటి దాకా యర్రగుంట్ల వైపు బండల గనుల్లో సుత్తి పట్టాడు. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకున్నాక ఊరికి తిరిగొచ్చి, ప్రభుత్వం ఇచ్చిన ఎకరన్నర రాళ్ల నేలలో బోరు వేయించాడు. మూడో బోరులో నీళ్లు పడ్డాయి. బోరు పక్కన ఇటుకలతో, సిమెంటుతో తన చేతుల మీదుగానే తొట్టి కట్టుకున్నాడు. అరెకరంలో చీనీ అంట్లు నాటి, ఆరేళ్లు చంటిపిల్లల్లా సాకాడు. ఒకనాడు తెల్లారేసరికి అవి నేల మీద పడి ఉంటే, ఆ మనిషి మధ్యాహ్నం దాకా గట్టు మీద కూర్చున్నాడు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఆ దుఃఖం నిజమైనది. స్టేషనుకు పోయి కేసు వద్దనడానికి కావలసిన గుండె కూడా అందరికీ ఉండదు. కాకపోతే జీవితంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మనిషికి, ఆ ఒక్క సంగతితో ఏడూళ్లలో పేరొచ్చింది. పేరు రుచి తెలిశాక దాన్ని పక్కన పెట్టడం ఏసేపుకే కాదు, ఎవరికైనా కష్టమే.

అట్లా పదకొండేళ్లు సాఫీగా జరిగిపోయాక పన్నెండో ఏట ఒక చిక్కు వచ్చి పడింది. ఓబుళేశు చర్చికి రావడం మొదలుపెట్టాడు.

మొదట వచ్చింది అతని భార్య సుంకమ్మ. ఆమె కడుపునొప్పితో కడప పెద్దాసుపత్రిలో పడి ఉన్నప్పుడు, ఏసేపు భార్య గిడ్డమ్మ వారం రోజులు పక్కన కూర్చొని ప్రార్థన చేసింది. జొన్నరొట్టె కూడా తీసుకెళ్లింది. ప్రార్థన వల్లనో, రొట్టె వల్లనో, డాక్టర్ల వల్లనో సుంకమ్మ లేచి నడిచింది. నడిచి నేరుగా కాలనీలోని చర్చికి వచ్చింది. ఆమెను దిగబెట్టడానికి ఓబుళేశు వచ్చేవాడు. జనవరిలో అతను రోడ్డు అవతల కల్వర్టు మీద కూర్చునేవాడు. సంక్రాంతి వెళ్లాక చర్చి గోడ నీడలోకి జరిగాడు. ఫిబ్రవరిలో ఎండ ముదురుతోందని వాకిట్లోకి వచ్చాడు. మార్చి మొదటివారం చెప్పులు విడిచి, లోపల తలుపు పక్కన చివరి చాప మీద, ఎవరైనా పొమ్మంటే పోవడానికి వీలుగా సగం కూర్చున్నాడు. ఎవరూ పొమ్మనలేదు. తరం మారిందంటారు గాని, ఊళ్లో పుట్టినవాడు కాలనీ చాప మీద కూర్చోవడం బండ్లోపల్లెలో ఇప్పటికీ చిన్న సంగతి కాదు.

రెండో ఆదివారమే ఏసేపు సాక్ష్యానికి లేచాడు. ఆయన మనసులో పాపం ఏ దురుద్దేశమూ లేదు. అలవాటు. తోట వచ్చింది, గొడ్డలి వచ్చింది, ‘ఎడమ చెవి’ దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసల్లో నాలుగైదు తలలు వెనక్కి తిరిగాయి. ఓబుళేశు తువ్వాలు భుజాన వేసుకొని మెల్లగా లేచి వెళ్లిపోయాడు. గొర్రెలను చూసుకోవడానికి పోయుంటాడనుకున్నాడు ఏసేపు. గిడ్డమ్మ అట్లా అనుకోలేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలు ఓబుళేశు రాలేదు. నాలుగో ఆదివారం సుంకమ్మ ఎట్లా బతిమాలుకొని తీసుకొచ్చిందో ఆమెకే తెలియాలి.

పాస్టరు నాగరాజ్‌కు ఇవేవీ తెలియవు. ఆయనది కర్నూలు పక్కన కల్లూరు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడు. వచ్చి తొమ్మిది నెలలే అయింది. ఏసేపు సాక్ష్యం చెప్పే నలభై నిమిషాలూ ఆయన తన ప్రసంగం కాగితాలు సరిచూసుకునేవాడు. అందువల్ల చెట్ల సంగతి తెలుసు గాని చెవి సంగతి తెలియదు. మే నెలలో మూడు రోజుల కూటాలు పెట్టాలని ఆయనే తలపెట్టాడు. శనివారం సాయంత్రం ఏసేపు సాక్ష్యం. ఆదివారం పొద్దున బాప్తిస్మాలు. మే నెలలో పాపాఘ్ని ఏట్లో ఇసుక తప్ప ఏమీ ఉండదు కాబట్టి, ఎప్పటిలాగే బాప్తిస్మాలు ఏసేపు బోరు తొట్టిలో. ఈసారి బాప్తిస్మం తీసుకోబోయేది ముగ్గురు. అందులో ఓబుళేశు ఒకడు.

వారం ముందుగానే రోడ్డు మీద ఫ్లెక్సీ వెలిసింది. ఒక పక్క తెల్ల చొక్కాలో ఏసేపు. ఇంకో పక్క, కంప్యూటరులో ఎక్కడ దొరికిందో గాని, నెత్తురు కారుతున్న పెద్ద గొడ్డలి. కింద ‘నూట ఇరవై చెట్లు – ఒక్క క్షమాపణ’ అని ఎర్రని అక్షరాలు. ఏసేపు ఆ రోజు రోడ్డు మీదికి నాలుగుసార్లు అగ్గిపెట్టె కోసం వెళ్లాడు. ఆయనకు బీడీ అలవాటు మానేసి ఇరవై ఏళ్లు.

బుధవారం మధ్యాహ్నం సంగటి ముద్ద పెడుతూ గిడ్డమ్మ మాట కదిపింది.

“ఏమయ్యా, ఈ తూరి వేరే సాక్ష్యం చెప్పరాదా?”

“వేరేది ఏముండాది నాకాడ?”

“మోకాలి నొప్పి తగ్గె గదా. అది చెప్పు.”

“మోకాలి నొప్పి వినేకి ఏడూర్ల జనం వస్తారా?” ఏసేపు నవ్వాడు.

గిడ్డమ్మ నవ్వలేదు. “సుంకమ్మ వచ్చిండె పొద్దున. ఆ మాట ఇంగోసారి వినబడితే బాప్తిస్మమూ వద్దు, గుడీ వద్దు, నేను ఆ గడప తొక్కను అంటాండాడంట వాళ్లాయన. ఆదివారం ఆయప్ప మునగాల. శనివారమే నువ్వు చెవి పట్టుకొని మైకులో బయటికి లాగుతాండావు.”

“నేనేమన్నా తిట్టినానా? క్షమించినా గదే! క్షమించిందే చెప్తాండా.”

“క్షమించినావులే. పన్నెండేండ్లుగా క్షమిస్తానే ఉండావు. ఆయప్ప పాపం ఒగసారే నరికినాడు. నువ్వు ఏటేటా నరికిస్తాండావు. పోయినేడు నూటిరవై నరికించినావు.”

ఏసేపుకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన గొంతు పాస్టరు గొంతులా మారుతుంది. “దేవుడు చేసిన మేలు దాచిపెట్టమంటావా? అది తప్పు కాదా?”

“మొన్న జాతరలో కంబన్నకు నువ్వేం చెప్పినావు?”

కంబన్న సంఘంలో పాత విశ్వాసి. ఊరి జాతరలో అమ్మవారికి కోసిన పొట్టేలు మాంసం పక్కింటివాళ్లు పెడితే, కూర కూరే గదా అని తినేవాడు. కొత్తగా నమ్ముకున్నవాళ్లు అది చూసి గాబరాపడుతున్నారని ఏసేపే వెళ్లి బుద్ధి చెప్పాడు. నీకు తప్పనిపించకపోవచ్చు, పక్కనోడు తడబడతాండాడు, వాని కోసరం నువ్వు మానుకోవాల అన్నాడు. పెద్దవాడు చెప్పాడని కంబన్న నోరు మూసుకొని మానేశాడు. ఆ రోజు ఏసేపుకు తన మాట తనకే బాగా నచ్చి, ఇంటికొచ్చి గిడ్డమ్మకు రెండుసార్లు చెప్పాడు.

“కంబన్న నోట్లో ముక్క తీసేస్తివి. నీ నోట్లో మాట తీసేకి కాదా?” అని గిడ్డమ్మ ఎంగిలి కంచం ఎత్తుకొని వెళ్లిపోయింది.

మూడు రోజులు ఏసేపు భార్యతో మాట్లాడలేదు. చొక్కా కూడా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. కాలర్ దగ్గర కొంచెం కాల్చుకున్నాడు.

శనివారం సాయంత్రం కాలనీ బడి ముందు షామియానా నిండిపోయింది. అనుకున్నట్టే ఏడూళ్ల జనం వచ్చారు. ఆటోలు రోడ్డు పొడుగునా నిలబడ్డాయి. పాటలయ్యాయి. పాస్టరు నాగరాజ్, “మన పెద్దాయన, క్షమాపణకు సాక్షి, ఏసేపు గారు” అని గొంతు పెంచి పిలిచాడు. ఏసేపు లేచాడు. మైకు చేతికి రాగానే మూడు రోజుల దిగులూ మాయమైంది. చల్లటి ఇనుప మైకు అరచేతిలో పడితే ఆయనకు ముప్పై ఏళ్ల బలం వస్తుంది. గిడ్డమ్మ ఆడవాళ్ల వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది.

“నాకు ఒగ తోట ఉండె” అన్నాడు ఏసేపు.

“స్తోత్రం!” అన్నారు జనం.

“దేవుడిచ్చిన తోట.”

“స్తోత్రం!”

అప్పుడు ఆయన చూపు షామియానా చివరి గుంజ మీద పడింది. గుంజకు ఆనుకొని ఓబుళేశు కూర్చున్నాడు. మే నెల ఉక్కలో, అందరూ చొక్కా గుండీలు విప్పుకొని విసురుకుంటుంటే, అతనొక్కడు రెండు చెవులూ కప్పుతూ తలకు తువ్వాలు బిగించి చుట్టుకున్నాడు. ఏసేపు మాట ఆగింది. ఆ తువ్వాలు లోపల ఉన్నది తాను మైకులో ఎన్నోసార్లు ఊరూరా తిప్పిన చెవి. అరవై ఏళ్ల మనిషి, దొంగతనం చేసిన పిల్లవానిలా దాన్ని దాచుకొని కూర్చున్నాడు. ఏసేపుకు సిగ్గేసింది. అంతకు ముందెన్నడూ మైకు పట్టుకున్నప్పుడు ఆయనకు సిగ్గు వేయలేదు.

“ఆ తోటకు పోతాంటే...” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. “పోతాంటే దావలో నాకు మోకాలి నొప్పి శానా ఉండె.”

జనం స్తోత్రం అనాలా వద్దా తెలియక ఊరుకున్నారు. ఏసేపు మోకాలి గురించి చెప్పాడు. కుడి మోకాలని, వేంపల్లెలో సూది వేయించుకున్నానని, ప్రార్థన చేశాక తగ్గిందని చెప్పాడు. మోకాలి దగ్గర నుంచి గొడ్డలి దగ్గరికి ఎట్లా వస్తాడా అని జనం ఓపిగ్గా ఎదురుచూశారు. ఆరో నిమిషానికి ఆయన, “దేవునికి స్తోత్రం” అని మైకు పాస్టరుకు ఇచ్చేశాడు.

“పెద్దాయనా, తోట...” అన్నాడు నాగరాజ్, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

“అంతే అయ్యగారూ. అయిపోయె.”

ఆ రాత్రి భోజనాల దగ్గర మాటలు ఏసేపు చెవిన పడ్డాయి. ముసలాయనకు మతిమరుపు వచ్చినట్టుంది అన్నారొకరు. మోకాలి నొప్పి వినడానికా ఆటో కట్టుకొని వచ్చింది అన్నారొకరు. ముద్దనూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, వచ్చే నెల మా కూటాలకు రమ్మని అడుగుదామనుకున్నానండీ అని పాస్టరుతో చెప్పి, అడగకుండానే వెళ్లిపోయాడు. ఏసేపు తల వంచుకొని అన్నం తిన్నాడు. ఇంటికొచ్చాక గిడ్డమ్మ అడక్కుండానే గ్లాసెడు మజ్జిగ ఇచ్చింది. ఆయనకు ఆమె మీద ప్రేమ, కోపం రెండూ కలిగాయి.

మంచి పని చేస్తే మనసు తేలికవుతుందంటారు. ఏసేపుకు తేలిక కాలేదు. ఇన్నేళ్లుగా ఏడాదికి నాలుగైదుసార్లు మైకులో చెప్పేసి దించుకునే బరువు, చెప్పకపోయేసరికి అట్లాగే మిగిలింది. నిద్ర పట్టక పొర్లుతుంటే నరికిన చెట్లు గుర్తొచ్చాయి. వాటి వెనకాల, తాను ఎన్నడూ సాక్ష్యంలోకి రానివ్వని సంగతి ఒకటి మెల్లగా వచ్చి నిలబడింది. ఆ సంగతి గిడ్డమ్మకు తెలుసు. ఊళ్లో సగం మందికి తెలుసు. ఒక్క సాక్ష్యానికే తెలియదు.

చెట్లు నరకడానికి నాలుగు రోజుల ముందు మాట అది. ఆ ఎండాకాలం ఊరి చుట్టూ ఎక్కడా చుక్క నీళ్లు లేవు. నీళ్లున్నది ఏసేపు తొట్టిలోనే. ఓబుళేశు గొర్రెలను తోలుకొచ్చి, రోంత నీళ్లు తాగనీయమని అడిగాడు. చెట్లకే చాలవు పో అన్నాడు ఏసేపు. అనడమే కాదు, తొట్టి చుట్టూ ముళ్లకంప వేశాడు. ఇంకో బోరు వెతుక్కుంటూ పోతుంటే గొర్రెలు కొన్ని దారిలోనే పడి చచ్చిపోయాయి. తొట్టి ఆ రోజు నిండుగా ఉంది. బండల గనుల్లో పాతికేళ్లు పనిచేసి సంపాదించుకున్న నీళ్లు, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. అంతే. అంతకు మించి కారణం లేదు.

తెల్లవారుజామున కరెంటు రాగానే తొట్టి నింపడానికి ఏసేపు పొలానికి పోయాడు. మోటరు వేసి వెనక్కి తిరిగేసరికి ఓబుళేశు తొట్టి గోడ మీద చేతులానించి లోపలికి తొంగి చూస్తున్నాడు. చెట్లు నరికిన రోజు తర్వాత అతను ఆ పొలంలో కాలు పెట్టడం అదే మొదటిసారి.

“ఏమప్పా, ఇంత పొద్దున్నే వచ్చినావు?”

“లోతెంతుంటాదో చూసుకుందామని. నాకు ఈత రాదు.”

“ఈదేదేముండాది? అయ్యగారు ఒగ నిమిషం ముంచి లేపుతాడు.”

“అట్లనా” అన్నాడు ఓబుళేశు. కాసేపు పైపులోంచి పడుతున్న నీళ్లు చూశాడు. “నిన్న చెప్పలేదే.”

“లేదు.”

“నేను చెప్పులు చేతిలో పట్టుకొనే కూర్చునింటి. నువ్వు గొడ్డలి అంటానే లేచిపోదామని.”

ఓబుళేశు గోడ మీది నాచును గోటితో గీకుతూ, “నలభై రెండన్నా” అన్నాడు. అతను తనను అన్నా అనడం ఏసేపు వినడం అదే మొదటిసారి. “నేను నరికింది నలభై రెండే. నువ్వు నూటిరవై అన్నప్పుడల్లా, తక్కినవి ఎవరు నరికినారబ్బా అని నాకు ఒగటే ఆలోచన.”

ఏసేపుకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వు చూసి ఓబుళేశు కూడా నవ్వాడు. ఇద్దరు ముసలివాళ్లు తొట్టికి అటొకరు ఇటొకరు నిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగిపోయాక ఏసేపుకు తప్పించుకునే దారి కనబడలేదు.

“ఓబుళేశూ, ఆ ఎండాకాలం నీ గొర్లు ఎన్ని సచ్చిపోయినాయి?”

ఓబుళేశు ముఖంలో నవ్వు పోయింది. “పద్నాలుగు” అన్నాడు. తర్వాత, “దాంట్లో రెండు సూడివి” అన్నాడు.

“తొట్టి నిండా నీళ్లుండె. చెట్లకు చాలవని నీకు అబద్ధం చెప్పినా.”

“తెలుసు. కంప సందులోంచి కనబడ్తాండె.”

క్షమించడం అనే మాటను ఏసేపు మైకులో ఎన్ని వందలసార్లు అని ఉంటాడో లెక్కలేదు. అదే మాటను ఇటు తిప్పి, మైకు లేకుండా, ఒక్క మనిషి ముందు అనడానికి ఆయన నాలుక మెలికలు తిరిగింది. మోటరు చప్పుడుకు వినబడకపోతే బాగుండునని కూడా అనిపించింది. అయినా అన్నాడు.

“నన్ను క్షమించప్పా.”

ఓబుళేశు దోసిట్లో నీళ్లు తీసుకొని ముఖం కడుక్కున్నాడు. తువ్వాలుతో నిదానంగా తుడుచుకున్నాడు. “సుంకమ్మ ఎదురుచూస్తాంటాది” అని గట్టు దాటి వెళ్లిపోయాడు.

ఏసేపు అక్కడే నిలబడిపోయాడు. తొట్టి నిండి నీళ్లు కిందికి పొర్లుతున్నా చూసుకోలేదు. పాత పుండు రేపి చెడగొట్టానని ఆయనకు భయం పట్టుకుంది. మైకులో చెప్పకుండా ఆపుకొని, ఇక్కడ చెప్పి మనిషిని పోగొట్టుకున్నానా అనుకున్నాడు. ఆ రెండు గంటలు ఆయన పడిన యాతన ముందు, పేరు పోయిన బాధ బాధే కాదు.

ఎనిమిది గంటలకు సంఘమంతా పొలానికి వచ్చింది. ఏడూళ్ల చుట్టాలూ వచ్చారు. మొదటి ఇద్దరి బాప్తిస్మాలు అయిపోయాయి. ఓబుళేశు కనబడలేదు. గిడ్డమ్మ గట్టు వైపు చూస్తోంది. ఏసేపు ఎవరి వైపూ చూడలేకపోతున్నాడు. పాట మూడో చరణంలో ఉండగా సుంకమ్మ ముందు, ఓబుళేశు వెనక వచ్చారు. తెల్ల పంచె కట్టుకున్నాడు. తలకు తువ్వాలు లేదు. నేరుగా వచ్చి తొట్టిలోకి దిగాడు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. భయపడి పాస్టరు భుజం పట్టుకున్నాడు.

మునిగే ముందు సాక్ష్యం చెప్పాలని నియమం. పాస్టరు నాగరాజ్ ప్లాస్టిక్ కవరు చుట్టిన మైకును ఓబుళేశు చేతికిచ్చి, “ఇక్కడికి ఎలా వచ్చారో సంఘానికి చెప్పండి” అన్నాడు.

ఇప్పుడు మైకు ఓబుళేశు చేతిలో ఉంది. నిలబడింది ఆ తొట్టిలోనే. పద్నాలుగు గొర్రెల కథ చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. వినడానికి ఏడూళ్ల జనం ఉన్నారు. చెబితే తప్పని అనడానికి ఏసేపుకు నోరు లేదు. ఆయన తొట్టి గోడ గట్టిగా పట్టుకొని కళ్లు మూసుకున్నాడు.

“నేను శానా తప్పులు చేసినోన్ని” అన్నాడు ఓబుళేశు. మైకు అలవాటు లేక మరీ దగ్గరగా పెట్టుకోవడంతో మాటలు గుట్టదాకా వినబడ్డాయి. “దేవుడు నన్ను మన్నించినాడు. నేను గూడా ఒగాయప్పను మన్నించేది ఉండె. పొద్దున్నే మన్నించేసినా. అయిపాయె.”

జనం ఇంకా ఏదో వస్తుందని చూశారు. పాస్టరు కూడా చూశాడు. “ఎవరిని, ఎందుకు అని కొంచెం వివరంగా చెబితే సంఘానికి ఆశీర్వాదంగా ఉంటుంది” అన్నాడు.

“అయిపోయినదానికి వివరమేంది అయ్యగారూ? చెప్పేదేం లేదు. ముంచుదురు గాని.”

నాగరాజ్ ముంచాడు. ఓబుళేశు దగ్గుతూ, ముక్కులోంచి నీళ్లు చిమ్ముతూ పైకి లేచాడు. మెట్టు మీద కాలు జారబోతే చెయ్యి అందించి బయటికి లాగింది ఏసేపే. లాగినవాడు ఆ చెయ్యి వదల్లేదు. అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎందుకట్లా ఏడ్చావని ఆ రోజు సంఘంలో చాలామంది అడిగారు. ఏసేపు ఎవరికీ చెప్పలేదు.